కొండమీద మిగిలిపోయిన కత్తెరాయన

ఆ వీధిలో అందరూ ఆయన్ని కత్తెరాయన అనే పిలిచేవారు. రెండు కుర్చీలు, ఎదురెదురుగా రెండు అద్దాలు, మూలన ఒక కొళాయి, మేకుకి వేలాడే, కత్తి నూరుకునే తోలుపట్టా, అదీ ఆయన సెలూన్. మనిషి ముఖం చూసి ఎవరో పోల్చుకోలేకపోయినా, తల వెనక సుడి చూసి "మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పి తగ్గిందా?" అని అడిగేవాడు. చేతిలో కత్తెర ఆడినంతసేపూ నోరూ ఆడేది. కత్తెర కింద పెట్టాడా, ఇక ఏం మాట్లాడాలో తోచేది కాదు.

సెలూన్ వెనకే ఒక గది, దానికి ఆనుకుని వంటిల్లు. పిల్లల్లేరు. భార్య పోయి రెండేళ్లు దాటింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ నెలకోసారి ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి మెడ వెనక సాపు చేసేది. "ఊరందరికీ నున్నగా చేసి పంపుతారు, మీ మెడ మీద మాత్రం అడవి పెంచుతారు" అని దెప్పేది. ఇప్పుడు ఆయనే రెండు అద్దాల మధ్య నిలబడి, చెయ్యి వెనక్కి తిప్పి కత్తిరించుకుంటున్నాడు. అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ఎంత పనితనం ఉంటే ఏం, ఒక పక్క ఎప్పుడూ ఎగుడుదిగుడుగానే మిగిలేది.

మిగతా రోజులు ఎలాగో నెట్టుకొచ్చేవాడు. వారంలో ఒక్క సెలవురోజే ఆయన పాలిట శని అయింది. కత్తెరలు నూరి, తువ్వాళ్లు ఉతికి ఆరేసి, అద్దాలు తుడిచేసరికి ఇంకా పొద్దు నడినెత్తికి కూడా వచ్చేది కాదు. ఒకసారి ఉండబట్టలేక షట్టర్ సగం ఎత్తి కూర్చుంటే, దుకాణాల సంఘం పెద్ద వచ్చి మర్యాదగానే దించేసి వెళ్లాడు.

అది చూసిన పక్కింటి ట్రావెల్స్ ఆయన మరుసటి వారం సెలవుకి ముందురోజు లోపలికి వచ్చాడు. గడ్డం గీయించుకుంటూ అన్నాడు.

"అన్నా, రేపు మన బస్సు ఘాట్ రోడ్డు మీదుగా కోటకి వెళ్తోంది. వెనక సీటు ఒకటి ఖాళీ. పోయి రారాదూ?"

"కోటలో ఏముంటుందయ్యా? రాళ్లు."

"ఇంట్లో ఏముంది మరి?"

కత్తెరాయన చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది.  మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, చిన్న చేతిసంచితో బస్సు ఎక్కాడు.

వెనక సీట్లో కూర్చుంటే ముందున్నవన్నీ తలలే. ఆయనకి కాస్త ధైర్యం వచ్చింది. ఈ తల ఖరీదైన చోట చేయించుకున్నది, ఆ తల ఇంట్లో భార్య కత్తిరించింది, అదిగో ఆ పిల్లాడి తల గిన్నె బోర్లించి కత్తిరించినట్టుంది. చెబితే నవ్వేవాళ్లుండాలి. పక్క సీట్లో పడుకుని గురక పెడుతున్న మనిషి తప్ప ఎవరూ లేరు. తనలో తనే నవ్వుకున్నాడు.

కొండ మొదలయ్యాక అందరూ కిటికీలకి అతుక్కుపోయారు. రోడ్డు కొండని చుట్టుకుంటూ పైకి పోతోంది. ప్రతి మలుపులోనూ బస్సు ఆగినంత పని చేసి, గట్టిగా హారన్ కొట్టి, ముక్కుతూ మూలుగుతూ తిరుగుతోంది. కింద లోయలో ఏరు దారప్పోగులా మెరుస్తోంది. ఇంకొంచెం ఎక్కాక మబ్బు రోడ్డుకి అడ్డంగా వచ్చి పడుకుంది. బస్సు దాన్ని చీల్చుకుని అవతలికి పోయేసరికి, దూరంగా శిఖరం మీద కోట కనిపించింది. నాలుగు బురుజులు, వాటి మధ్య ఒక సన్నటి ఎత్తైన గోపురం. బస్సంతా "అబ్బా!" అంది. కత్తెరాయన కూడా "అబ్బా!" అని పక్కకి తిరిగాడు. పక్కాయన ఇంకా గురక పెడుతూనే ఉన్నాడు.

లోయ బాగా కనిపించే చోటల్లా బస్సు ఆపారు. దిగిన ప్రతిచోటా ఎవరో ఒకరు వచ్చి, "అంకుల్, మా అందరికీ కలిపి ఒక ఫోటో తీసిపెడతారా?" అని ఫోను చేతిలో పెట్టేవారు. తీసేవాడు. "కొంచెం దగ్గరికి జరగండి, పెద్దమ్మగారు గడ్డం ఎత్తండి" అని సెలూన్‌లో చెప్పినట్టే చెప్పి మరీ తీసేవాడు. ఆ బస్సులో ఆయన తీయని కుటుంబం లేదు, ఆయనున్న ఫోటోనూ లేదు. బయల్దేరేముందు బస్సు మేనేజరు తలుపు దగ్గర నిలబడి, "ఎవరివాళ్లని వాళ్లు చూసుకోండి! అందరూ వచ్చేశారా?" అని కేకేసేవాడు. "మావాళ్లు వచ్చేశారు", "మావాళ్లూ వచ్చేశారు" అని తలో మూలనుంచీ జవాబులు. మొదటిసారి కత్తెరాయన కూడా చెయ్యెత్తాడు. ఎవరూ వెనక్కి చూడలేదు. రెండోసారి ఎత్తలేదు.

కోటలో గొంతు బొంగురుపోయిన ఒక గైడమ్మ వాళ్లని తిప్పింది. బాణాలు వేసే సందులు, మరిగే నూనె కిందికి పోసే తూములు, మనిషిని నిలువుగా దించే చీకటి కొట్టు అన్నీ చూపించి, చివరికి లోపలి పెరట్లో ఇనుప ఊచలు వేసిన ఒక పెద్ద బావి దగ్గరికి తీసుకొచ్చింది.

"కొన్ని వందల ఏళ్ల కిందట ఈ కోట దొర యుద్ధానికి వెళ్లాడట. దొరసాని రోజూ సాయంత్రం ఈ బావిలోకి వంగి ఆయన్ని పేరుపెట్టి పిలిచేదట. బావి అదే పేరు తిరిగి చెప్పేది. ఏళ్లు గడిచాయి. ఒకనాడు ఆవిడ ఆయన పేరు పిలిస్తే, బావిలోంచి ఆవిడ పేరు వినిపించిందట! మర్నాటికల్లా దొర గుమ్మంలో ఉన్నాడు. మీరూ పిలవండి, మీకు కావలసినవాళ్లని."

ఇంకేముంది, పెరడంతా గోల. ఒకమ్మాయి ఎవరి పేరో పిలిచి సిగ్గుతో పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకాయన అప్పుడే పక్కకి వెళ్లిన తన బావమరిదిని పిలిస్తే, అతను నిజంగానే వెనకనుంచి "ఏం బావా?" అంటూ వచ్చాడు. అందరూ పడీ పడీ నవ్వారు. కత్తెరాయన ఒక బాణం సందులోంచి బయటికి చూస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డాడు. అందరి ముందూ అరవడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పెరట్లో సద్దు మణిగాక బావి దగ్గరికి వచ్చి ఊచల మీదికి వంగాడు. చల్లటి పాచివాసన ముఖానికి తగిలింది. భార్య పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అంతకాలం కాపురంలో ఆయన ఆ పేరు ఎన్నడూ పలకలేదు. ఆయన ఆవిడని "ఇదిగో" అనేవాడు, ఆవిడ ఆయన్ని "ఏవండీ" అనేది. పేరు కాగితాల మీద ఉండేది. ఇప్పుడు పేరుపెట్టి పిలిస్తే ఎవరో పరాయి ఆడమనిషిని పిలిచినట్టుంటుంది.

అటూ ఇటూ చూసి, వంటింట్లోకి పిలిచినట్టే పిలిచాడు.

"ఇదిగో!"

"దిగో… దిగో… గో…" అంది బావి.

అలవాటు ప్రకారం ఆగాడు. ఆవిడ ఎప్పుడూ వెంటనే రాలేదు కదా. చెయ్యి కడుక్కుని, పొయ్యి తగ్గించి, "వస్తున్నా, ఉండండి" అంటూ వచ్చేది. ఆ కాస్త వ్యవధికి అలవాటుపడిన మనిషి, ఆ కాస్త వ్యవధీ నిలబడ్డాడు. అది దాటాక కూడా నిలబడే ఉన్నాడు.

బయటికొచ్చేసరికి బస్సు లేదు. అది నిలబడిన చోట నూనె మరక ఉంది. టికెట్ల కిటికీ మూస్తున్న ఆవిడ ఆయన్ని చూసి కంగారుపడింది.

"అయ్యో, మీ బస్సు వెళ్లిపోయి చాలాసేపయింది! మీవాళ్లు చూసుకోలేదా?"

"ఎవరివాళ్లని వాళ్లు చూసుకునే ఉంటారమ్మా. నేను ఎవరివాడినీ కాదుగా." హాస్యానికే అన్నాడు. మాట నోరు దాటాక అది హాస్యంలా వినిపించలేదు.

"ఫోను?"

"సంచిలో ఉంది. సంచి సీట్లో ఉంది."

"పోనీ ఎవరిదైనా నంబరు గుర్తుంటే చెప్పండి, నేను చేస్తాను."

ఒక్క నంబరే ఆయనకి కంఠతా వచ్చు. ఇంటిది. చేస్తే ఖాళీ గదిలో మోగుతుంది. "ఏదీ గుర్తులేదమ్మా" అన్నాడు.

ఆవిడ మరిది కోటకి నీళ్లు తెచ్చే ట్యాంకరు నడుపుతాడట. నీళ్లు దించి, చీకటి పడేలోపు కిందికి దిగుతాడు, పెద్ద రోడ్డు దగ్గర దింపుతాడు అని చెప్పి, ఆయన్ని కోట కాపలాదారుకి అప్పగించి వెళ్లింది.

కాపలాదారు ఈయన ఈడువాడే. జుట్టు చెవుల మీదుగా దిగి కాలరు మీద కూర్చుంది. కత్తెరాయన ఎంత ఆపుకుందామన్నా ఆగలేకపోయాడు.

"ఏమీ అనుకోకండి. ఈ తల కత్తెర చూసి ఎన్నాళ్లయింది?"

"కిందికి దిగితే కదండీ! దిగి ఏం చెయ్యాలి? నాకోసం అక్కడ ఎవరు కాచుక్కూర్చున్నారు?"

కత్తెరాయన జేబులోంచి గుడ్డలో చుట్టిన చిన్న కత్తెర, దువ్వెన తీశాడు. అవి లేకుండా ఆయన గడప దాటడు. కోట మెట్ల మీద కాపలాదారుని కూర్చోబెట్టి, అతని భుజం మీది తువ్వాలే మెడకి చుట్టాడు. కత్తెర ఆడింది. పొద్దుటినుంచీ మూతపడిన నోరు కూడా తెరుచుకుంది. వానలు, ధరలు అయ్యాక, తనకే తెలియకుండా భార్య గురించి మొదలుపెట్టాడు. ఆవిడకి అద్దాలు తుడవడమంటే ఎంత చిరాకో, చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద కూడా "షాపు మూసి వచ్చారా?" అని ఎలా కోప్పడిందో, రెండేళ్లుగా ఎవరికీ చెప్పనివన్నీ చెప్పాడు. ఎంతకీ ఊ కొట్టడం వినిపించకపోతే వంగి చూశాడు. కాపలాదారు హాయిగా నిద్రపోతున్నాడు.

తన చేతికింద మనుషులు నిద్రపోవడం ఆయనకి కొత్త కాదు. తల కదలకుండా ఎడమచేత్తో ఆనించుకుని, మిగతాది కూడా చెప్పేశాడు. తెల్ల వెంట్రుకలు గాలికి మెట్ల మీదుగా దొర్లి, గోడ దాటి లోయలోకి పోయాయి.

కాపలాదారు లేచి మెడ తడుముకుని సంబరపడ్డాడు. "సగం బరువు దిగిపోయింది! ఉండండి, మీ మెడ వెనక కూడా ఒక పక్క ఎగుడుదిగుడుగా ఉంది. ఆ కత్తెర ఇలా ఇవ్వండి, సరిచేస్తాను."

"వద్దులెండి, వద్దు" అని కత్తెరాయన చటుక్కున చేత్తో మెడ కప్పుకున్నాడు. అంత గాభరా ఎందుకో ఆయనకే తెలియలేదు. ట్యాంకరులో మలుపులు దిగుతున్నంతసేపూ, పాపం మంచి మనసుతో అడిగాడే, చెయ్యనిస్తే ఏం పోయేది అని మథనపడుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తేసరికి ట్రావెల్స్ ఆయన చేతిసంచి పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"ఏమన్నా, సంచి బస్సులోనే మర్చిపోయి దిగిపోయావట! ఎలా ఉంది కోట? బాగా ఎంజాయ్ చేశావా?"

కత్తెరాయన అతని ముఖంలోకి చూశాడు. వేళాకోళం కాదు. బస్సులో ఎవరికీ, ఇప్పటికీ, సంగతి తెలియదు. చెబుదామని నోరు తెరిచాడు. చెబితే ఇతను బాధపడతాడు, మేనేజరుని తిడతాడు, వీధంతా వచ్చి పరామర్శిస్తుంది. ఆ పరామర్శలు ఒకసారి చూసినవాడే.

"బాగుందయ్యా. వయసు మీదపడింది, మతిమరుపు" అని సంచి అందుకున్నాడు.

తర్వాత రెండు మూడు వారాలకోసారి, సెలవురోజున మామూలు బస్సెక్కి కొండమీదికి వెళ్లడం అలవాటు చేసుకున్నాడు. కాపలాదారుకీ, రోడ్డు మరమ్మతు చేసేవాళ్లకీ మెట్ల మీద కత్తెర పని. డబ్బులిస్తే తీసుకునేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. కాపలాదారు ప్రతిసారీ నిద్రపోయేవాడు. ఆ ఇద్దరినీ స్నేహితులనడానికి లేదు. ఒకరి ఇల్లు ఒకరు చూడలేదు.

చలి ముదిరిన ఒక రోజు వెళ్లేసరికి ఆ కాపలాదారు లేడు. ఉద్యోగం మానేసి ఎక్కడో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాడట. ఆయన స్థానంలో వచ్చినవాడికి నున్నటి బట్టతల. మచ్చుకైనా ఒక్క వెంట్రుక లేదు. కత్తెరాయనకి ఆపుకోలేనంత నవ్వొచ్చింది.

"ఎందుకండీ నవ్వుతున్నారు?" అన్నాడు కొత్తవాడు, తల తడుముకుంటూ.

"ఏం లేదు నాయనా. ఇంతదూరం వచ్చింది దండగయిందని."

మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. ఆ చలికి రోడ్డు పనివాళ్లు కూడా రాలేదు. లోయలోంచి మబ్బు పైకి లేచి, ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ ఆయన కాళ్లదాకా వచ్చింది. తిరుగు బస్సు వచ్చాక ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టరు వచ్చి టికెట్ల కట్ట తీశాడు.

"ఎంతమంది?"

"ఒక్కడినే" అన్నాడు కత్తెరాయన.