చెవి అందిన పిల్ల

కర్నూలులో ఆడపిల్లల హోమ్‌కు వారానికి రెండుసార్లు పోతుంటాను. రిటైరైన హెడ్మిస్ట్రెస్‌ని, నోరు పెద్దది. అందుకే దిక్కులేని పిల్లల ఆధార్ పనులకు ఆఫీసుల చుట్టూ నన్నే తిప్పుతారు.

ఆ పిల్ల మధ్యలో కొన్నేళ్లు బడి మానేసి, ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆధార్ లేదు, పుట్టిన తేదీకి రుజువు తెమ్మన్నారు. "చిన్నప్పుడు యాడ చదివినావే?" అంటే డోన్ దగ్గర ఒక పల్లె పేరు చెప్పింది. నేను పనిచేసిన బడే! ఇంకేం, పని అయిపోయినట్టే అనుకుని మరుసటి రోజే దాన్ని వెంటబెట్టుకుని పోయాను.

పాత అడ్మిషన్ రిజిస్టర్ తీసిచ్చారు. పుట్టిన తేదీ జూన్ ఒకటి. నా రాతే. సంవత్సరం చూసి వేళ్ల మీద లెక్కేసుకున్నాను. ఈ జూన్‌కు దీనికి పద్దెనిమిది నిండుతాయి. నిండితే హోమ్‌లో ఉంచుకోరు. పదో తరగతి ఏ చెట్టు కింద కూర్చుని చదువుతుంది?

అప్పుడు గుర్తొచ్చింది. డోన్ స్టేషన్లో ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మే అవ్వ, చంకలో ఆమె మనవరాలు, ఈ పిల్ల. పిల్లలు తగ్గితే బడి మూసేస్తామన్న ఏడాది అది. దొరికినవాళ్లనల్లా చేర్చుకుంటున్నాను. కాగితాలు లేని పిల్లలకు మా పద్ధతి ఒకటుండేది. కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే ఐదేళ్లు నిండినట్టే, జూన్ ఒకటి వేసేయడమే.

"నాలుగేండ్లు గూడా నిండలేదు మేడమ్, దీనికి చేతులు శానా పొడుగు" అనింది అవ్వ.

"అందింది గదమ్మా, గమ్మునుండు" అన్నాను. ఆ ముసలామెను కసిరాను కూడా. ఏం పోయేకాలమో నాకు!

తప్పు నాదేనని రాసి, జిల్లా పిల్లల సంక్షేమ ఆఫీసులో ఇచ్చాను. ఆఫీసరు నా కొడుకు వయసువాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"బడి రికార్డు లేకుంటే వయసు తేల్చే డాక్టరు పరీక్షకు పంపేవాళ్లం మేడమ్. ఉండాది గదా."

"ఆ రికార్డు తప్పని రాసినదాన్ని నేనే చెప్తాండా గదప్పా!"

"అట్లయితే మీరు రాసిన తేదీలన్నీ తప్పేనా? ఇంట్లోవాళ్లెవరన్నా వచ్చి చెప్తారా?"

అవ్వ పోయి ఏళ్లయింది. అవ్వ చెప్పిన రోజు నేను వినలేదు. ఆఫీసరు కాగితం తీసుకున్నాడు, పైకి పంపుతానన్నాడు, ఆశ మాత్రం పెట్టుకోవద్దన్నాడు.

వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది పిల్ల. దాని మొహం చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి పక్కన కూర్చుని, ఆ చెవి సంగతంతా చెప్పి, "ఆ తేదీ రాసింది నేనేనే" అన్నాను.

అది కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి చెవి పట్టుకుని చూసుకుంది. తర్వాత అడిగింది:

"ఆ పొద్దు అందకుంటే ఇప్పుడు హోమ్‌లో ఉండనిచ్చేవాళ్లా మేడమ్?"