రత్నం గారి వాలు అక్షరాలు

ఎదురింటి గేటుకు ఎనామిల్ రంగు వేస్తున్నారు. ఆ ఘాటు కిటికీలోంచి రాగానే కంప్యూటర్ మీద నా చెయ్యి ఆగింది. దుకాణాల బోర్డుల కోసం నేనొక తెలుగు ఫాంటు గీస్తున్నాను. లావుగా, ఒక పక్కకు వాలి, ఎక్కడా సన్నబడని గీతతో, సోకులేమీ లేని అక్షరాలు. అవి నా సొంతం కావు. తోటపల్లి గూడూరులో బోర్డులు, పడవల పేర్లు రాసిన రత్నం గారివి.

కొడవలూరులో మా తాతల నాటి రైసుమిల్లు పరాయిపాలైన ఏడాది, ముప్పై దాటిన వయసులో, ఆయన దగ్గర పనికి చేరాను. మంచి చేతిరాత తప్ప నాకేమీ మిగల్లేదు. మొదటి రోజే మా మిల్లు బోర్డు మీద ఉన్నట్టు తీగలు చుట్టి, నీడలు దిద్ది ఒక పేరు రాసి చూపించాను. ఆయన పదడుగులు వెనక్కి నడిచి చూశారు.

"బాగుండాది అబ్బయ్యా, పెళ్లిపత్రికకి. బస్సులో పోయేవాడు దీన్ని చదవాలంటే బస్సు ఆపాల."

ఒళ్లు మండింది. మా ఇంట్లో పని చెప్పడమే గాని అడిగి నేర్చుకునే అలవాటు లేదు. ఆయన చెయ్యి చూసి నేర్చుకున్నాను. ఒక్క ప్రశ్న అడగలేదు.

మూడు నెలలకు సముద్రం ఒడ్డున కావమ్మ అనే ఆమె కొత్త పడవకు పేరు రాయమంది. ఆ పని నాకు వదిలి రత్నం గారు మనుబోలు వెళ్లారు. బోర్డు మీద రాసినట్టే రెండు పక్కలా కుడికి వాల్చి రాశాను. మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చిన కావమ్మ, పడవ ఎడమ పక్క చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది రత్నమన్నా, ఈ పక్క పేరు ఎనక్కి పడిపోతాండాదే? ఎల్లుండి పడవ దించాల. నా మొగుడు సముద్రంలోకి పోవాల్నా, ఇంటికి పోవాల్నా?"

అక్కడి పడవల మీద పేరు ఏ పక్క రాసినా ముందు కొస వైపే వాలాలి. అంటే ఎడమ పక్కన ఎడమకు. నాకది తెలియదు. రత్నం గారు నా వైపు చూడలేదు.

"తప్పయిందక్కా," అన్నారు, రాసింది తానే అయినట్టు.

"ముప్పయ్యేళ్ల చెయ్యి అని నీకిచ్చినా. ఇంకెవురితోనన్నా రాపిచ్చుకుంటా."

చుట్టూ వలలు బాగుచేసుకుంటున్న వాళ్లంతా వింటున్నారు. నేను నోరు విప్పకపోతే ఆ ఒడ్డున ఆయనకు పని పోతుంది. విప్పితే నాకు పోతుంది.

"రాసింది నేనండీ. ఆయన ఊళ్లో లేరు. నాకు తెలియదు, అడగనూ లేదు."

కావమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఇంత పొడుగు మనిషివి, అడిగేదానికి నోరు లేదా?" అని నవ్వేసింది. "సరే, రేపటికి తిప్పి రాయి. కూడు నేను పంపిస్తాలే."

గుండెల మీంచి బస్తా దించినట్టయింది. గరుకు కాగితంతో పేరు రుద్దుతుంటే రత్నం గారు కూడా వచ్చి పక్కన కూర్చుని రుద్దారు.

"నన్ను తీసేస్తారా అన్నా?"

"తీసేస్తే ఈ పక్క ఎవురు రాస్తారు? నేనూ ఒకసారి ఇట్టనే రాసినా. మా మేస్త్రి పొద్దుగూకులూ తిట్టినాడు. నీకా కరువు లేదు, నువ్వే తిట్టుకుంటాండావు."

ఆయన పోయి నాలుగేళ్లు. నా ఫాంటులో ఎడమకు వాలే అక్షరాలూ ఉన్నాయి. అవెందుకని పట్నం నుంచి ఫోన్లు వస్తాయి. చెబుతాను. వాళ్లు రాయబోయేది దేని మీదో, చూసేవాళ్లు ఎటు నుంచి వస్తారో తర్వాత నేను అడుగుతాను. తెలియనిది అడిగినందుకు మా వంశం పరువేమీ పోలేదు.