లాభంతో మొదలయ్యే పాటలు

నిన్న గద్వాలలో రోడ్డు పక్కన ఒకావిడ పచ్చి పల్లికాయ కొలుస్తోంది. మట్టి వాసన ముక్కుకు తగిలింది. "లాభం, లాభం... రెండు, రెండు..." అని ఆమె అంటుంటే నా కాలు దానంతటదే తాళం వేసింది. మా వైపు కొలిచేటప్పుడు ఒకటి అనరు, మొదటి సేరును లాభం అంటారు. ఆ మాట వింటే ఎవరికైనా గింజలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఎలక్ట్రిక్ గిటారు, దాని వెనక కుర్మన్న గుర్తొస్తాడు.

కుర్మన్న మా వీధిలో కాలిన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. 2007 ప్రాంతంలో నేను డిగ్రీ తప్పి, నాన్న కొనిచ్చిన కంప్యూటర్ ముందు ఖాళీగా కూర్చునేవాణ్ణి. ఆయన ఓ రోజు గిటారు భుజాన వేసుకొని వచ్చి, తన పాటలు రికార్డు చేసిపెడతావా అని అడిగాడు. ఆయన పాడేది రాక్, అదంటే నాకప్పుడు అరుపులే. కానీ ఆయన పాటల్లో ఎండిన బోర్లుండేవి, కరెంటు కోసం పొలంలో కాపలా కాసే రైతులుండేవారు. మధ్యాహ్నం కరెంటు రాగానే తలుపులకు బొంతలు కట్టి మొదలుపెట్టేవాళ్లం. 'ఎందుకిలా' అని సినిమా భాషలో రాస్తే బాగుంటుందని ఒకసారి సలహా ఇచ్చాను. "మోటర్ కాలితే ఎవడన్న ఎందుకిలా అంటడా తమ్మీ? ఎందుకు గిట్లయింది అంటడు" అన్నాడు. సొంత మాటకు సిగ్గుపడకూడదని నాకు మొదట నేర్పింది ఆయనే.

ప్రతి పాటకు ముందు గిటారు చెక్క మీద వేళ్లతో కొడుతూ "లాభం, రెండు, మూడు, నాలుగు" అనేవాడు. వాళ్ల నాన్న మార్కెట్‌లో ధాన్యం కొలిచేవాడట. పాట అయ్యాక దగ్గేవాడు, నన్ను ఆటపట్టించేవాడు, చాయ్ కోసం అమ్మను కేకేసేవాడు. అవన్నీ రికార్డయ్యేవి.

పది పాటలయ్యాయి. హైదరాబాద్‌లో ఒక కంపెనీకి సీడీ పంపాలనుకున్నాడు. పిచ్చోడి చేతిలో రాయిలా కొత్త సాఫ్ట్‌వేర్ నా చేతిలో పడింది. ఆయనకు చెప్పకుండా లెక్కలు, దగ్గులు, మాటలు అన్నీ కోసేశాను. కంప్యూటర్ నిండిపోయిందని అసలు రికార్డింగులు కూడా చెరిపేశాను. మెచ్చుకుంటాడని వినిపించాను. మొదటి పాట పూర్తిగా విని, మెల్లగా అడిగాడు.

"లాభం తీసేసినవా?"

కంపెనీవాళ్లు నవ్వుతారని నసిగాను.

"మా నాయిన కొలిచిన కుప్పలన్నీ వేరేటోళ్లయి. ఆయనకు మిగిలింది గా ఒక్క మాటనే తమ్మీ. దాన్ని గూడ కోస్తివి."

నా ముఖం చూసి ఆయనే సర్దుకున్నాడు. పోనీలే, మళ్లీ పాడుకుందామన్నాడు. నేనూ నమ్మాను.

ఆ సీడీనే పంపాం, కంపెనీ నుంచి జవాబు రాలేదు. ఇంతలో 2009 వరదలు వచ్చాయి. రాజోలి, అలంపూర్ పొలాల్లో మోటార్లన్నీ బురదలో కూరుకుపోయాయి. కుర్మన్న వెళ్లి వారాల తరబడి అక్కడే ఉండి వాటిని విప్పి, ఆరబెట్టి, మళ్లీ చుట్టాడు. పచ్చకామెర్లతో తిరిగొచ్చి, కర్నూలు దవాఖానాలో పోయాడు. నలభై కూడా నిండలేదు.

రెండు నెలల తర్వాత ఆయన భార్య సుజాత వదిన ఆరేళ్ల కూతుర్ని తీసుకొని మా ఇంటికి వచ్చింది. ఆయన గొంతు వినాలంది. సీడీ మీ ఇంట్లోనే ఉంది కదా అన్నాను.

"పాటలు గాదు తమ్మీ. ఆయన మాట్లాడింది ఏమన్న ఉంటే జర పెట్టు. నాయిన మాట ఎట్లుంటదో మర్సిపోతున్న అంటుంది పిల్ల."

ఏమీ లేదని నాకు తెలుసు. అయినా చెప్పే ధైర్యం లేక గంటసేపు కంప్యూటరంతా వెతుకుతున్నట్టు నటించాను. ఆ పిల్ల కదలకుండా తెర వైపే చూసింది. చివరికి తల అడ్డంగా ఊపాను. వదిన పిల్ల చెయ్యి పట్టుకొని లేచి వెళ్లిపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు వనపర్తిలో నాకొక చిన్న రికార్డింగ్ గది ఉంది. పాడేవాళ్ల దగ్గులు, సణుగుళ్లు, ముందు మాటలు అన్నీ దాచిపెడతాను. చెత్త పోగేస్తున్నావని నా భార్య విసుక్కుంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని నాకూ తెలుసు.

నిన్న ఇంటికి రాగానే కుర్మన్న సీడీ పెట్టాను. మొదటి పాటకు ముందు రెండు క్షణాల ఖాళీ ఉంటుంది. ఎప్పట్లాగే ఆ ఖాళీలో నేనే పైకి లెక్కపెట్టాను. లాభం, రెండు, మూడు, నాలుగు. ఆయన అందుకున్నాడు.