అవ్వ జర్మనీ చీర

బల్బులు చేసేవాళ్లు పట్టు ఎందుకు చేశారో నాకు ఇప్పటికీ సరిగ్గా తలకెక్కలేదు. పోయిన చలికాలం నెల రోజులు నేను దీనితోనే కుస్తీ పట్టాను. ఇరవై ఏళ్లుగా బడిలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను, యుద్ధాలూ సంధులూ నన్ను నిద్రలో లేపి అడిగినా పిల్లలకు చెప్పగలను. అలాంటిదాన్ని ఒక జర్మనీ కంపెనీ చరిత్ర ముందు చేతులెత్తేశాను.

సంగతి అవ్వ పెళ్లిచీరతో మొదలైంది. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. మాది నేత ఇల్లు. కరీంనగర్ దగ్గర చిన్న ఊళ్లో బాపు చేతిమగ్గం నేసేవాడు. ఇప్పుడు అదే ఇంట్లో తమ్ముడు మరమగ్గాలు నడుపుతున్నాడు, మా దగ్గర వాటిని సాంచెలంటారు. నేను పెళ్లయ్యాక గోదావరి దాటి ఆదిలాబాదు వైపు బొగ్గుగనుల కాలనీలో స్థిరపడ్డాను. తమ్ముడి కూతురికి ఐదో ఏడు వస్తోందని వసంత పంచమికి బాసరలో అక్షరాభ్యాసం పెట్టుకున్నారు. పిల్లను తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. మా మరదలేమో రెండో కాన్పుకు చొప్పదండిలో పుట్టింట్లో ఉంది, అప్పటికి నెలలు నిండుతాయి కాబట్టి ప్రయాణం కుదరదు. ఇక మిగిలింది నాయనమ్మే, అంటే మా అవ్వ.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. ఆ పూట పిల్లను ఒళ్లో పెట్టుకునే ఆడమనిషి పట్టుచీరే కట్టుకోవాలి. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియదు గానీ దాన్ని దాటినవాళ్లు మాత్రం లేరు.

"నా పెండ్లి చీర ఉన్నది గని, గది పట్టు కాదు. జర్మనీది," అంది అవ్వ. "నేను రాను. మీరు పోయి రాండ్రి." జర్మనీది అంటే మా నేతవాళ్ల మాటలో పట్టులా మెరిసే ఉత్తి నూలు చీర.

కొత్తది కొంటానన్నాడు తమ్ముడు. "గిప్పుడు కొంటే గా మూడుసార్లు తిరిగొస్తయా?" అని అతని నోరు మూయించింది. నా పట్టుచీర కట్టుకోమన్నాను.

"మంది చీర కట్టి మూడుసార్లు పోయిన బిడ్డా. నాలుగోసారి పోను."

"నేను మందినా, పరాయిదాన్నా అవ్వా?"

"నువ్వు మందివి కావు. చీర నాది కాదు."

ఆ మూడుసార్లూ అంటే మా అక్క, నేను, తమ్ముడు. మా ముగ్గురి అక్షరాభ్యాసాలకూ అవ్వ తన యారాలి దగ్గర, అంటే మా పెద్దమ్మ దగ్గర, పట్టుచీర అడిగి తెచ్చుకుంది. తమ్ముడిదప్పుడు నాకు ఎనిమిదేళ్లు, అందుకే బాగా గుర్తు. పెద్దమ్మ చీర ఇచ్చేముందు గడపలో నిలబెట్టి, కొంగుకు కుంకుమ అంటనియ్యకు, గోదారిల తడపకు, అన్నం తినేటప్పుడు విప్పి పెట్టు అని పాఠం చెప్పింది. అవ్వ అన్నిటికీ తల ఊపింది. బస్సులో వెనక్కి ఆనుకోకుండా బాసర దాకా నిటారుగా కూర్చుంది. గుడిలో తమ్ముడి పలక చీరకు తగలకుండా మోకాళ్లు బిగబట్టుకునే కూర్చుంది. ఇంటికి రాగానే మంచినీళ్లయినా తాగకుండా చీర మడతపెట్టి ఇచ్చేసి వచ్చింది. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఉన్నా అవ్వ వెళ్లి అడిగేది కాదనుకుంటాను.

అవ్వ బాసర రాకపోతే నాకు కొరత. పిల్లకూ కొరతే. నాకు కాస్త మొండితనం ఎక్కువ. ఆ జర్మనీ చీర పట్టుకేం తక్కువ కాదని రుజువు చేస్తే అవ్వ దాన్నే కట్టుకుంటుంది కదా అనుకున్నాను. అక్కడ తప్పులో కాలేశాను.

చీర మడతలో అరచేయంత కాగితం ఉండేది. నూలు కట్ట మీద అంటించే చీటీ అది. దాని మీద రాట్నం ముందు కూర్చున్న తెల్లదొరసాని బొమ్మ, కింద ముళ్లలాంటి అక్షరాలు. ఫోన్‌తో ఫొటో తీసి తెలుగులోకి మార్చమంటే "కళ పట్టు కర్మాగారముల ఐక్యత" అని వచ్చింది. కళ పట్టంటే కృత్రిమ పట్టని తర్వాత తెలిసింది. ఆ పేరు పట్టుకుని తవ్వడం మొదలుపెట్టాను.

మొదట్లో వాళ్లు పట్టు జోలికే పోలేదట. కరెంటు బల్బులో వెలిగే సన్నని తీగ కోసం పత్తిని రాగి కలిపిన మందునీళ్లలో కరిగించి, సూది బెజ్జాల్లాంటి వాటిలోంచి పిండి దారం తీశారు. తర్వాత బల్బుకు వేరే తీగలు వచ్చేశాయి. చేతిలో ఉన్న పనితనాన్ని పారేయలేక, అదే దారాన్ని మెరిపించి పట్టు పేరుతో అమ్మారు. అందులో వాడిన పత్తి కూడా దూది కాదు, దూది తీశాక గింజకు అంటుకుని మిగిలే నూగు. ఇది చదివి నేను ఎగిరి గంతేశాను. జమ్మికుంట మార్కెట్‌లో పత్తి బోరాలు చూస్తూ పెరిగినవాళ్లం, ఆ నూగు మా వైపు నుంచే ఓడెక్కి పోయి ఉండొచ్చని కథ అల్లేసుకున్నాను. వెంటనే అవ్వకు ఫోన్ చేశాను.

"అవ్వా, నీ చీర పత్తిలకెల్లి తీసిందట."

"మరి పత్తైతే పట్టెట్లైతది? నన్ను పరేషాన్ చెయ్యకు," అని పెట్టేసింది.

మూడో రోజు ఇంకో చోట చదివితే ఆ కంపెనీ పత్తిని ఎప్పుడో మానేసి కట్టెగుజ్జుతో చేసిందని ఉంది. మా చీరది పత్తా, కట్టెనా? తెలియదు. ఇంకొంచెం ముందుకు పోతే, యుద్ధం రోజుల్లో పక్క దేశాల నుంచి మనుషుల్ని బలవంతంగా పట్టుకొచ్చి ఆ ఫ్యాక్టరీల్లో పని చేయించారని కనబడింది. ఆ సాయంత్రం ఫోన్ పక్కన పడేశాను. మా అవ్వ పెళ్లినాడు కట్టుకున్న బట్టలో ఎవరి ఏడుపైనా ఉందేమో అన్న ఆలోచన నన్ను అన్నం తిననివ్వలేదు. మా నూలు ఆ కాలానిదా, ముందుదా, అదీ తేలలేదు. ఆ తర్వాత కంపెనీ హాలండు వాళ్లతో కలిసింది, పేరు మార్చుకుంది. దేశం రెండు ముక్కలైతే ఫ్యాక్టరీలు రెండు వైపులా చీలిపోయాయి, రెండు వైపులా దాదాపు ఒకటే పేరు. నోటు పుస్తకంలో వంశవృక్షంలా గీస్తే ఒకే తాత రెండు కొమ్మల మీద కూర్చున్నాడు.

ఇంత గందరగోళంలో ఒక్క ముక్క మాత్రం గట్టిగా దొరికింది. చీటీ మీద ఉన్న ఆ పేరు, ఆ బొమ్మ బాపు పుట్టకముందే ఆగిపోయాయి. మరి బాపు పెళ్లినాటికి ఆ నూలు ఎక్కడి నుంచి వచ్చింది? ఆదివారం వెళ్లి అడిగాను. షోలాపూర్ నుంచి తెచ్చానన్నాడు. మధ్యాహ్నం మళ్లీ అడిగితే బొంబాయి అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర, "మీ తాత కాలంది అటక మీదుండె" అని, "గా కంపెనీ ముచ్చట నీకెందుకు బిడ్డా, గా దొరలు మనకు సుట్టాలా?" అని విసుక్కున్నాడు. బాపు నా మీద విసుక్కోవడం నా ఎరుకలో అదే మొదలు.

మర్నాడు నేను చేయకూడని పని చేశాను. పట్టో కాదో తేల్చడానికి నేతవాళ్ల దగ్గర ఒకటే పరీక్ష. పోగు లాగి అగ్గి చూపిస్తే పట్టు వెంట్రుకలా కాలుతుంది, వాసన కూడా అదే. ఉత్తిది కాగితంలా భగ్గుమంటుంది. కానీ ఈ పరీక్ష బయటి నూలుకే. తన ఇంటి మగ్గం మీంచి దిగిన బట్టకు ఎవరూ అగ్గి చూపించరు. చూపిస్తే నేసినవాడి ముఖాన ఉమ్మేసినట్టే. యాభై ఏళ్లు ఆ చీర పెట్టెలో ఉంచుకుని అవ్వ ఒక్క పుల్ల గీయకపోవడం అందుకే. నేను మగ్గం వదిలేసి పుస్తకాలు పట్టుకున్నదాన్ని కాబట్టి నాకు ఆ మర్యాద గుర్తుకు రాలేదు.

చీర తెచ్చి వాకిట్లో కూర్చున్నాను. అడ్డం పోగు, అంటే పేక, ఒకటి లాగితే మూరెడు వచ్చి ముడి దగ్గర ఆగింది. ఇంకోటి లాగాను. అక్కడా ముడే. జర్మనీ నూలు ఊరికే తెగేదని, అందుకే ముడులని అవ్వ అనేది. అగ్గిపుల్ల గీశాను. పోగు మంట పట్టకుండా ముడుచుకుపోయి నల్లటి పూసలా అయింది. వెంట్రుకలు కాలిన వాసన ఘాటుగా కొట్టింది. నేనేదో పొరపాటు చేశాననుకుని ఈసారి నిలువు పోగు, పడుగులోది, లాగి కాల్చాను. అది కాగితంలా భగ్గున మండి బూడిదైంది. నాకు మతి పోయింది. ఒకే చీర ఒక వైపు పట్టు, ఇంకో వైపు జర్మనీ.

ఎదురుగా అవ్వ నిలబడి ఉంది. నేతగాడి పెళ్లానికి ఆ వాసన ఒకరు చెప్పాలా? చీర నా చేతిలోంచి తీసుకుని తిరగేసింది. అడుగువైపు ముడుల మీద వేలు ఆనించి జరుపుకుంటూ పోయింది, చాలాసేపు.

"గీ పేక యాడిది?" అని అడిగింది, అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చున్న బాపును.

బాపు గోడకేసి చూస్తూ చెప్పాడు. పడుగు నిజంగానే తాతల నాటి జర్మనీ నూలు, అటక మీద దొరికిన కట్టలు. పేకకు నూలు లేదు. పెళ్లికి ముందు రెండేళ్లు ఆయన ఒక సావుకారు దగ్గర పట్టు మగ్గం మీద కూలికి నేసేవాడు. పడుగు అయిపోయినప్పుడు చివర మూరెడు పోగులు నేయడానికి రాకుండా మిగిలిపోతాయి. ఎంత పనికిరానివైనా అవి సావుకారువి, ఉండచుట్టి ఆయనకే అప్పజెప్పాలి. బాపు కొన్ని అప్పజెప్పి కొన్ని దోవతి మడతలో దాచుకున్నాడు. రెండేళ్లు దాచి, ఒక్కొక్క పోగూ ముడివేసి, పెళ్లాం కాబోయే పిల్లకు చీర నేశాడు.

"పట్టని చెప్తే కట్టుకొని వాడల తిరుగుదువు. కూలోనికి పట్టెక్కడిదని సావుకారు అడుగుతుండె. కులపోల్లు దొంగ అందురు. గందుకే జర్మనీది అన్న," అన్నాడు.

నేను ఆయన చేతులే చూస్తున్నాను. అవ్వ మాత్రం తడుముకోలేదు.

"నువ్వు దొంగతనం చేస్తివి. నేను చెయ్యి చాపితి," అంది. "మూడుసార్లు మీ వదినె గడపల నిలవడ్డ. పట్టు నా పెట్టెల వెట్టుకొని."

బాపు లేచి బయటికి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు ఇంట్లో సాంచెల మోత తప్ప మాటల్లేవని తమ్ముడు చెప్పాడు. అంతా నావల్లే అని అతను అనలేదు గానీ నాకు వినబడింది. తర్వాత అవ్వే ఫోన్ చేసింది, బాసరకు వస్తున్నాను, ఆ చీరతోనే అని. బాపుకు ఒక షరతు పెట్టిందట. "అక్కడ ఎవ్వలన్న గిదేం చీర అని అడిగితే నువ్వే జవాబియ్యాలె."

వసంత పంచమి నాడు బాసరలో ఇసుక వేస్తే రాలని జనం. పిల్లను ఒళ్లో పెట్టుకుని అవ్వ వరసలో కూర్చుంది. అయ్యగారు పిల్ల చేయి పట్టి బియ్యంలో అక్షరాలు దిద్దించి పక్క పిల్లాడి దగ్గరికి జరిగిపోయాడు. చీర వంక చూడనైనా చూడలేదు. ఎవరైనా ఆడమనిషి అటు తిరిగితే చాలు బాపు గొంతు సవరించుకునేవాడు. ఆమె పిల్లను ముద్దు చేసి వెళ్లిపోయేది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాకు నవ్వాలో జాలిపడాలో తెలియలేదు.

అంతా అయ్యాక గోదావరి మెట్ల మీద కూర్చున్నాం. బాపు పక్కన ఒకావిడ సంత్రా పండ్లు ఒలుచుకుంటోంది. ఉన్నట్టుండి ఆమె వైపు తిరిగి ఈయనే మొదలుపెట్టాడు.

"గా చీర జూసినవా అమ్మా? పేక పట్టుది. సావుకారు కాడ అడగక తెచ్చిన పోగులు. నేనే నేసిన. ఆమెకు చెప్పలే."

ఆమె ఏదో మరాఠీలో అని, నవ్వి, బాపు చేతిలో ఒక సంత్రా పెట్టింది. నాందేడ్ వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. బాపు ఆ పండు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఆమెకు సమజ్ కాలే," అంది అవ్వ. "మల్ల చెప్పు. నా దిక్కు జూసి చెప్పు."

బాపు అవ్వ వైపు తిరిగాడు.

"నీకని తెచ్చిన. పట్టుదే. భయపడి చెప్పలే," అన్నాడు.

అవ్వ ఆయన చేతిలోని పండు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు వచ్చింది. ఎవరి వైపు నిలబడి ఏడవాలో మాత్రం అర్థం కాలేదు.