గొళ్ళెం బయటివైపు

పోయిన ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా మళ్ళీ వచ్చింది. మా కోడలు ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటూ, మధ్యమధ్యలో తలెత్తి చూసి నవ్వుతోంది. ఆ సినిమా విడుదలైనప్పుడు ఆమె పుట్టనే లేదు. అయినా ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ఆమెకు తెలుసు. దాని ముక్కలు ఫోన్లలో తిరుగుతూ ఉంటాయట. నేను సోఫాలో ఈ చివర కూర్చుని టీవీని తక్కువా, వీధి తలుపును ఎక్కువా చూస్తున్నాను. బేగంపేటలో మాది పై అంతస్తు. వానాకాలంలో మెట్ల మీద జారిపడ్డాను. ఎముక విరగలేదు గానీ మావాడి ధైర్యం విరిగింది. వారం తిరగకుండా తలుపుకు కొత్తరకం తాళం పెట్టించాడు. దానికి చెవి ఉండదు. వేలు పెట్టాలి, లేదా అంకెలు నొక్కాలి. లోపలినుంచి కూడా వేలో అంకెలో లేనిదే తెరుచుకోకుండా చేసే వీలుంది దానికి, చిన్నపిల్లలు బయటికి పరుగెత్తకుండా. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు. నేనున్నాను.

మావాడు చెడ్డవాడని ఎవరూ అనుకోవద్దు. వేళకు మందులిస్తాడు, పళ్ళు కోసిపెడతాడు. బయటికి పోతానంటే మాత్రం "వచ్చేవారం చూద్దామమ్మా" అంటాడు. నేను పోవాలనుకునేది దూరమేం కాదు, రెజిమెంటల్ బజార్. అక్కడ మా పెద్ద తోడికోడలు మంచం పట్టింది. రోజూ ఫోన్ చేసి "ఎప్పుడొస్తవే?" అంటుంది. ఈమధ్య ఆ మాట కూడా మానేసి, ఊరికే ఊపిరి వినిపించి పెట్టేస్తోంది. నాకు వచ్చేవారాలు చాలా ఉన్నాయేమో గానీ, ఆమెకు లేవు.

సినిమా గురించి చెప్పాలి. అందులో ఒక ఇంటి పెద్దాయన ఉంటాడు. దొంగల భయంతో ఇంట్లో అన్నింటికీ తాళాలు వేస్తాడు. బియ్యం డబ్బాకు తాళం, టీవీ పెట్టెకు తాళం, చివరికి ఊయల గొలుసుకు కూడా తాళం. నడుస్తుంటే మొలలో తాళంచెవుల గుత్తి గలగలమంటుంది. ఒకరోజు ఆయనే సామాన్ల గదిలో ఇరుక్కుపోతాడు. బయట కోడలు, "తలుపు బిగిసింది మామయ్యా, మీరు కాస్త వదులైతే అదీ వదులవుతుంది" అంటుంది. ఆయన అరిచి అరిచి అలసిపోయి, "సరే, వరుసలో నిలబడి ఒక్కొక్కరే అడగండి" అంటాడు. ఒకరు పెళ్ళి అడుగుతారు, ఒకరు ఉద్యోగం, మనవడు గాలిపటం. ముసలి భార్య వంతు వచ్చేసరికి ఏమడగాలో మరిచిపోతుంది. జనం ఇన్నేళ్ళుగా ఎందుకు చూస్తున్నారంటే నాకు తోచేది ఒకటే. అందులో కొట్టడానికి పనికొచ్చే దుర్మార్గుడు లేడు. ప్రతి ఇంట్లోనూ ఉండే మనిషే ఉన్నాడు, పైగా అతను ప్రేమకొద్దీ తాళం వేస్తాడు.

దాన్ని మాకు మొదట చూపించింది మా అత్తగారు. రెజిమెంటల్ బజార్‌లో కింద స్టీలు సామాన్ల దుకాణం, పైన ఇల్లు. మామగారు పోయాక దుకాణం ఇద్దరు కొడుకులది, ఇల్లు ఆమెది. కింద హమాలీలు, గిరాకీలు తిరుగుతుంటారని, కోడళ్ళు దిగకూడదని ఆమె నియమం. మధ్యాహ్నం అన్నాలయ్యాక మెట్ల తలుపుకు తాళం వేసి, చెవుల గుత్తి తలకింద పెట్టుకుని నిద్రపోయేది. నేనూ మా తోడికోడలూ కిటికీ ఊచలు పట్టుకుని బజారును చూసేవాళ్ళం. ఎండలో గిన్నెలు మెరుస్తుంటే కళ్ళు నొప్పి పుట్టేవి, అయినా చూసేవాళ్ళం. అలాంటి మనిషి ఒకనాడు ఎవరో చెప్పారని మమ్మల్ని మ్యాట్నీకి తీసుకుపోయింది. తొడ మీద కొట్టుకుని నవ్వింది. పక్కవరుస వాళ్ళు సినిమా మానేసి ఆమెను చూశారు. ఇంటికొచ్చి, కళ్ళు తుడుచుకుంటూనే మెట్ల తలుపుకు తాళం వేసింది. మా తోడికోడలు నా చెవిలో, "ఏందే గీమె, అద్దంల చూస్కొని సుత ఎవరో అనుకుంటదా?" అంది. తర్వాత టీవీలో ఎప్పుడు వచ్చినా అంతే, నవ్వడం, తాళం వేయడం.

అప్పటికి నాకు అక్షరాలు రావు. బడి నుంచి మావాడు మార్కుల కాగితం తెస్తే సంతకం బదులు బొటనవేలు సిరాలో ముంచాను. వాడు ఎవరైనా వస్తే కనబడకుండా దాన్ని బోర్లా పెట్టాడు, తడి సిరా నేలకంటింది. ఆ మరకను నేను చాలా రోజులు తుడవలేదు. వెనక సందుకు మెట్టుగూడ నుంచి ఒక టీచరమ్మ వచ్చేది. బడి నుంచి రిటైరై, మధ్యాహ్నాలు అక్కడ ఒక గదిలో ఆడవాళ్ళకు చదువు చెప్పేది. వాళ్ళు కలిసి చదివే గొంతులు మా కిటికీలోకి వచ్చేవి. గొంతులు లోపలికి వచ్చేవి, నేను బయటికి పోలేకపోయేదాన్ని. ఒకసారి మా ఆయనతో అంటే, "అమ్మనడుగు" అన్నాడు. అత్తగారిని అడిగే మనిషి ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు.

మామిడికాయ తొక్కు పచ్చళ్ళు పెట్టే రోజుల్లో జరిగింది ఇది. మా సామాన్ల గది తలుపుకు ఒక జబ్బు ఉండేది. దానంతటదే మూసుకుని, బయట గొళ్ళెం పడిపోయేది. అందుకని ఎప్పుడూ ఒక నల్లరాయి అడ్డం పెట్టేవాళ్ళం. ఆ రోజు తొక్కు జాడీ మూత మీద బరువు పెట్టాలని అత్తగారు ఆ రాయినే ఎత్తుకుని లోపలికి పోయింది. వెనకాల తలుపు మూసుకుంది, గొళ్ళెం పడింది. ఆమె లోపల, మేము బయట. కొడుకులు కింద బేరాల్లో ఉన్నారు.

"దర్వాజ తియ్యుండ్రే" అంది లోపలినుంచి. నేను గొళ్ళెం మీద చెయ్యి వేశాను. మా తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది. ఆమె మొహంలో నవ్వూ భయమూ రెండూ ఉన్నాయి. గొంతు సవరించుకుని, అచ్చం సినిమాలో లాగే, "తలుపు బిగిసింది అత్తమ్మా, మీరు కాస్త వదులైతే అదీ వదులవుతుంది" అంది. ఆ రోజుతో పుట్టింటికి పంపుతుందనుకున్నాను. ఆవపిండి ఘాటు తలుపు సందుల్లోంచి వస్తోంది. తర్వాత అత్తగారు ఒకసారి తుమ్మింది. తుమ్మి, నెమ్మదిగా అంది: "సరే, లైన్ల నిలవడి ఒక్కొక్కలే అడుగుండ్రి."

ఆమెకు తెలుసన్నమాట. మ్యాట్నీ నాటినుంచీ తెలుసు. అది తనేనని తెలిసే అంత నవ్వింది.

మా తోడికోడలు గభాలున, "అమ్మగారింటికి పోయి నెల రోజులుంట" అంది. నా వంతు వచ్చింది. సినిమాలో ముసలిభార్యలా నేనూ ఏమడగాలో మరిచిపోయాను. చివరికి, "టీచరమ్మ తాన చదువుకుంట అత్తా" అన్నాను. "ఎందుకే?" అంది. "వేలు ముద్దెర ఎయ్యబుద్ధి అయితలేదు" అన్నాను. లోపల జాడీ మూత జరిపిన చప్పుడైంది. "నాకు సుత రాదు గదనే" అంది. ఆ మాట కోపంగా లేదు. ఎలా ఉందో ఇప్పటికీ నాకు తెలియదు. "ఇగ తియ్యుండ్రి, గాలి ఆడ్తలేదు" అంది. తీశాం. ఆమె మావైపు చూడకుండా పోయి మొహం కడుక్కుంది. మర్నాడు అన్నాలయ్యాక మెట్ల తలుపు దగ్గర నిలబడి, "చాయ్ టైముకు రావాలె" అంటూ నన్ను పంపి, నా వెనకాలే మళ్ళీ తాళం వేసుకుంది.

టీవీలో ఆ తలుపు సీను వచ్చేసరికి మా కోడలు పని ఆపేసి నవ్వింది. "అచ్చం మీ అబ్బాయే కదా అత్తమ్మా" అంది. అన్నాక నావైపు చూసింది, తలుపు వైపు చూసింది, నవ్వు ఆగింది. లాప్‌టాప్ పక్కన పెట్టి లేచింది. "రండి, మీ ఫింగర్ సేవ్ చేద్దాం" అంది. బొటనవేలు పెట్టాను. తాళం ఎర్రగా వెలిగి కీచుమంది. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టాను. ఆమె తడిగుడ్డ తెచ్చింది, కొబ్బరినూనె రాసింది, ఒక్కో వేలూ పెట్టించింది. ఏదీ పట్టలేదు. గిన్నెలు తోమీ తోమీ నా వేళ్ళమీద గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర వేయకూడదని అంత కష్టపడి అక్షరాలు నేర్చుకుంటే, ఈ ముసలితనంలో తలుపు మళ్ళీ వేలిముద్రే అడిగింది, ఇద్దామంటే నా దగ్గర లేదు.

"నంబర్ చెప్తా, ఆయనకు చెప్పకండి" అంది కోడలు.

"దొంగచాటుగ పోయే వయసా నాది?" అన్నాను.

అప్పుడే తాళం బయటినుంచి పలికింది. కూరగాయల సంచీలతో మావాడు లోపలికి వచ్చాడు. తలుపు దగ్గర మేమిద్దరం, నా చేతికి నూనె. "ఏం చేస్తున్నరు ఇక్కడ?" అన్నాడు.

"లైన్ల నిలవడ్డం" అన్నాను.

వాడు నవ్వబోయాడు. ఆ సినిమా చూస్తూ పెరిగినవాడే. నా బొటనవేలు చూశాక నవ్వలేదు. "వచ్చేవారం..." అని మొదలుపెట్టాడు.

"ఇయ్యాల" అన్నాను. "పెద్దమ్మ ఊపిరి తప్ప మాట ఇనవడ్తలేదు బిడ్డా."

"పడితే?"

"చెయ్యి పట్టుకో. నీకు నడక నేర్పినప్పుడు నేను గదే చేసిన."

వాడు సంచీలు కింద పెట్టి, చెప్పులు విడవకుండా అక్కడే నిలబడ్డాడు. తలుపు మాత్రం మూయలేదు. టీవీలో గాలిపటం పైకి లేచింది. నేను గోడ పట్టుకుని చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాను. ఆనాడు గొళ్ళెం మీద చెయ్యి నాది, లోపలి గొంతు అత్తగారిది; ఇవాళ లోపల ఉన్నది నేను. తలుపు ఆ పక్కనుంచి ఈ పక్కకు రావడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది.