అవ్వకు చూపించిన పేరు

మా ఊళ్లో స్తూపం ఆవిష్కరణకు పది గంటలకు రమ్మన్నారు. నాయకులు రెండున్నరకు దిగారు. అప్పటిదాకా మా అవ్వ ఎండలో ప్లాస్టిక్ కుర్చీ మీద, ఒళ్లో బంతిపూల దండ పెట్టుకుని కూర్చునే ఉంది. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. ఆ దండ పొద్దున్నే లేచి తన చేత్తో గుచ్చింది, సూదిలో దారం మాత్రం నేనెక్కించాను. మైకు మోతకు చెవులు చిల్లులు పడుతున్నాయి. స్తూపం వెనక బిర్యానీ పొట్లాలు పంచుతున్నారు. తిన్నవాళ్లు తిన్నట్టే జిడ్డు చేతులు ఆ నల్లరాతికి రుద్దుకుని పోతున్నారు. అమరవీరుల స్తూపమట. థూ!

అయితే నా రోత అంతా వాళ్ల మీదేనా అంటే, కాదు. చెప్తాను.

మాది రఘునాథపల్లి దగ్గర ఊరు. నైజాం కాలంలో వెట్టి చేసేది లేదు, లెవీ ధాన్యం కొలిచేది లేదని జనం తిరగబడ్డ ఊళ్లలో మాదొకటి. ఊరి బురుజు మీద నుంచి ఆడామగా వడిసెలలతో రాళ్లు విసిరి నైజాం సిపాయిలను రెండు రోజులు ఊరి బయటే ఆపారు. జొన్నచేలో పిట్టలను కొట్టడానికి తిప్పే తాడే వడిసెల. ఒక కొసను ఉచ్చులా వేలికి తగిలించుకుని, నడిమి పట్టీలో రాయి పెట్టి, గిర్రున తిప్పి వదలాలి. అవ్వకు అప్పుడు పదేళ్లు. ఒడి నిండా రాళ్లేరుకుని బురుజు ఎక్కించింది. వాళ్లన్న విసిరాడు. మూడోనాడు పొద్దు పొడిచే వేళ సిపాయిలు కంచె చాటు దొడ్డిదారిన వచ్చి పడ్డారు. ఊరివాళ్లకు తప్ప ఆ దారి ఎవరికీ తెలియదు. చూపించినవాడు మా పటేలే. గుర్రాల ముందు నడిచి మరీ చూపించాడు. అవ్వ కళ్ల ముందే, బురుజు మెట్ల మీద వాళ్లన్నను కాల్చారు. ప్రాణం పోయినా వడిసెల ఉచ్చు వేలికి అట్లాగే ఉందట. శవాన్ని బండిలో ఎటో తీసుకుపోయారు.

తర్వాత రాజ్యం మారింది. పటేలు ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. టోపీ మార్చాడు. కొన్నేళ్లకు స్వాతంత్ర్య సమరయోధుణ్ణని కాగితం కూడా తెచ్చుకున్నాడు. జైలుకెళ్లినవాళ్లు ఎవరైనా ‘ఇతను మాతో ఉన్నాడు’ అని సంతకం పెడితే చాలట. పెట్టే మహానుభావులు పెట్టారు. బురుజు మెట్ల మీద చచ్చినవాడికి సంతకం ఎవడు పెడతాడు? పంద్రాగస్టు వస్తే పటేలే జెండా ఎగరేసి పిల్లలకు చాక్లెట్లు పంచేవాడు. చిన్నప్పుడు నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. అవ్వ నా దవడ పట్టుకుని, వేలు పెట్టి బయటికి తీసి, నోరు కడిగించింది.

నిరుడు ఊళ్లో స్తూపం కడతామన్నారు. కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? పటేలు మనవడు. నేను మహదేవపూర్ అవతల ఒక బడిలో సోషల్ టీచర్ని. కాపురం తొర్రూరులో, అవ్వేమో ఊళ్లో మా అమ్మ దగ్గర. నా అక్షరం బాగుంటుందని ఊళ్లో ఎవరికే దరఖాస్తు కావాలన్నా నేనే రాస్తాను. స్తూపం మీది పేర్ల జాబితా కూడా నన్నే రాయమన్నారు. అవ్వ గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటే చెప్పింది. మొదటిది వాళ్లన్న పేరు.

“ఏదీ, జూపియ్యి.”

ఆమెకు చదువు రాదు. వేలు పట్టుకుని కాగితం మీద పెట్టాను.

“గిదేనా? మొదటిదేనా? రాతి మీద గూడ గిట్లనే నా ఏలు వట్టి జూపియ్యాలె బిడ్డా. ఆని బొక్కలు యాడ పారేసిన్రో తెల్వది. ఒక గుర్తన్న ఉండాలె గద. గది ముట్టి పోత నేను.”

తప్పకుండా చూపిస్తానన్నాను.

వారం తర్వాత భూపాలపల్లి బస్టాండులో ఉండగా పటేలు మనవడి ఫోను.

“అక్కా, కాగితం ఉన్నోళ్ల పేర్లే ఎక్కిస్తున్నం. మీ అవ్వోళ్ల అన్నకు రుజువేమన్న ఉన్నదా?”

“తుపాకి గుండుకు రసీదు ఇస్తరా తమ్మీ?” అన్నాను.

అబ్బో, ఎంత బాగా అన్నానో! నా పౌరుషం సరిగ్గా ఆ ఒక్క మాట వరకే.

“కోపం జెయ్యకక్కా. నీ తొర్రూరు ట్రాన్స్‌ఫర్ ముచ్చట పెద్దసారుకు చెప్పిన. అయిపోతది, పరేషాన్ గాకు” అన్నాడు.

ఏళ్ల తరబడి వారానికోసారి బస్సుల్లో నలిగి ఇంటికొస్తున్నదాన్ని, నడుము విరిగిపోతోంది, ఇంట్లో పిల్లలు పరీక్షలకు చదువుతున్నారు. సాకులకేం, గంపలకొద్దీ ఉన్నాయి. “సరే తమ్మీ, జర చూడు” అన్నాను. అవ్వకు మాత్రం చెప్పలేదు. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూనే ఆవిష్కరణ రోజు వచ్చేసింది.

పరదా లాగారు. పైన వచ్చిన నాయకుడి పేరు, జానెడు ఇత్తడి అక్షరాల్లో. దాని కింద చందాలిచ్చినవాళ్లు. అందరికన్నా కింద సమరయోధులు. అందులో మొదటి పేరు పటేలుది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. అవ్వ అన్న పేరు ఎక్కడా లేదు.

“నడువు బిడ్డా, జూపియ్యి,” అవ్వ లేచింది.

జనం దారి ఇచ్చారు. పటేలు మనవడు చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. అవ్వ కుడిచేతి వేలు చాపింది.

“మొదటిదే గద?”

లేదవ్వా అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను ఆ వేలు పట్టుకుని పటేలు పేరు మీద పెట్టాను.

“మొదటిదే అవ్వా.”

ఒక్కో అక్షరం లోతునూ మెల్లగా తడిమింది. ఆ వేలిని ముద్దు పెట్టుకుంది, కళ్లకద్దుకుంది. “అన్నా, రాయి కాలుతున్నదే, ఎండ తల్గుతున్నదారా నీకు?” అని కొంగుతో నీడ పట్టింది. దండ ఆ పేరుకే వేసింది. పటేలు మనవడు ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు.

జూన్‌లో నాకు తొర్రూరు బదిలీ వచ్చింది. అవ్వ ప్రతి శనివారం కర్ర పోటేసుకుంటూ స్తూపం దగ్గరికి పోయి, ఆ మొదటి పేరును కొంగుతో తుడిచి వచ్చేది. రాయంతా పావురాల రెట్ట, ఆ ఒక్క పేరే తళతళ.

పంద్రాగస్టుకు ఊరికెళ్తే బస్సు దిగేచోటే ఫ్లెక్సీ. కళ్లు మూసుకుని, పటేలు పేరు మీద వేలు పెట్టుకున్న మా అవ్వ. కింద ‘మహనీయునికి నివాళి’ అని రాసి ఉంది. పక్కనే ఆమెకు రెండింతలు పటేలు మనవడి మొహం, పళ్లికిలించుకుని. అక్కడే రోడ్డు పక్కన కూర్చుని కక్కుకున్నాను.

ఇంటికెళ్లేసరికి అవ్వ కంచం ముందు కూర్చోబోతోంది. అన్నీ చెప్పేశాను, ఫోను, బదిలీ, వేలు, ఏదీ దాచలేదు.

“నేను ముద్దు వెట్టుకున్నది వాని పేరునా?”

“అవునవ్వా.”

లేచి నీళ్ల గాబు దగ్గరికి పోయింది. పొయ్యిలో బూడిద తీసి, చింతపండు కలిపి, ఇత్తడి చెంబు తోమినట్టు ఆ వేలిని తోముకుంది. నోరు పుక్కిలించి ఉమ్మింది. మళ్లీ తోముకుంది. తోలు లేచి నెత్తురు చిమ్మింది.

“ఇగ చాలవ్వా, నీ కాళ్లు మొక్కుత. నన్ను కొట్టు” అని ఏడ్చాను.

“నిన్నెందుకు గొడుత? తొవ్వ వాడు జూపెట్టిండు, పేరు నువ్వు జూపెట్టినవ్.”

వచ్చి కంచం ముందు కూర్చుంది. తడిసిన కుడిచెయ్యిని తనది కానట్టు దూరంగా నేల మీద పెట్టి, ఎడమచేత్తో అన్నం కలుపుకుంది.