గొంగడి కింద చూసిన బోరు

మొన్న మిర్యాలగూడలో మా ఇంట్లో కూర్చుని, సముద్రం అడుగున అగ్నిపర్వతం బద్దలవుతుంటే రోబో కెమెరా తీసిన వీడియో ఫోన్‌లో చూశాను. ఎర్రటి లావా బుడగలా ఉబ్బి, పగిలి, చల్లటి నీళ్లు తగలగానే నల్లబడిపోతోంది. చూస్తుంటే, ఏళ్ల కిందట తిరుమలగిరి దగ్గర మా బావ బోరులోకి కెమెరా దిగి నీళ్లు చూపించిన మధ్యాహ్నం గుర్తొచ్చింది.

అప్పటికింకా తెలంగాణ రాలేదు. నేను సూర్యాపేటలో ఒక దినపత్రికకు విలేకరిని. కిలోమీటరుకు పైగా లోతున ఇలాంటి అగ్నిపర్వతాన్నే కేబులు కట్టిన రోబోతో శాస్త్రవేత్తలు చూశారని తెలిస్తే, పేజీలో మిగిలిన జాగా నింపడానికి నాలుగు ముక్కలు రాసి మరిచిపోయాను. వారం తిరక్కుండా మా అక్క భర్త ఆ పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కి వచ్చాడు.

“ఏం బామ్మర్దీ, సముద్రంల నిప్పును సూసే కెమెరా ఉన్నదని రాసినవ్. నా బోరుల సూసేది ఉండదా? లేకుంటే గిది గూడ ఉత్తగనే రాసినవా?”

మాట వెటకారమే గానీ మొహంలో నవ్వు లేదు. బోరులో మోటారు ఇరుక్కుపోయింది, పత్తి వాడిపోతోంది. బోరు కూలింది, ఇంకోటి వేయించుకొమ్మని చూసినవాళ్లంతా అన్నారట. వేయించాలంటే గొర్లమందను వచ్చే అంగడికి తోలి అమ్మాల్సిందే. వాళ్ల తాతల నాటి నుంచి ఆ ఇంట్లో మంద లేని రోజు లేదు.

నాకు తెలియదని చెప్పడానికి సిగ్గేసి, నలుగురినీ అడిగి, కోదాడలో టీవీలు బాగుచేసే ఒకాయనను పట్టుకున్నాను. చిన్న కెమెరా చుట్టూ బల్బులు బిగించి, పొడవాటి వైరుతో చిన్న టీవీకి కలిపి బోర్లలోకి దించేవాడు. “రోబో గీబో ఏం కాదండీ, తాడు కట్టి దింపడమే,” అని ముందే చెప్పాడు.

చేను దగ్గర ఎండకు టీవీ తెర కనబడలేదు. బావ భుజం మీది గొంగడి తీసి మా ముగ్గురి తలల మీదా కప్పాడు. ఆ ఉక్కలో, గొర్ల వాసనలో, తెర మీద రాతి గోడలు జరుగుతుంటే ఊపిరి బిగబట్టి చూశాం. బయట నుంచి మా అక్క “కనబడ్డదా, లేదా?” అని గొంగడి గుంజుతూనే ఉంది. బోరు కూలిన జాడ ఎక్కడా లేదు. తేట నీళ్లలో, తెగిన తాడు చుట్టుకుని మోటారు ఓ పక్కకు ఒరిగి ఉంది.

“నీళ్లున్నయే!” అని బావ అరిచిన అరుపుకు నా చెవి గింగురుమంది. మర్నాడు కొక్కేలతో మోటారు పైకి లాగారు. మంద ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ కోదాడ ఆయనకు నేను రుణపడి ఉన్నాను, మా బావకు అంతకన్నా ఎక్కువ. జాగా నింపడానికి రాసినదాన్ని ఒక మనిషి తన పంట కోసం చదివాడని తెలిశాక, చిన్న వార్తనైనా అశ్రద్ధగా రాయలేదు. ఇవాళ ఎవరి ఫోన్‌లో వాళ్లకు సముద్రం అడుగు కూడా కనబడుతోంది. ఒకరి ఊపిరి ఒకరికి తగిలేలా కూర్చుని చూసే పని లేదు.

ఆ రోజే పక్క చేను ఆయన బతిమాలితే ఆయన బోరులోకీ కెమెరా దించారు. గట్టు దాటితే అదే నేల, అంతే లోతు. అడుగుదాకా పొడి రాయే. ఆయన ఆ వారమే తనకున్న గొర్లను అంగడికి తోలాడు. ఆ రెండు బోర్ల నడుమ నేల కింద ఏమున్నదో, తెలిసినవాళ్లనుకున్న అందరినీ అడిగాను. ఈనాటికీ ఎవరూ చెప్పలేకపోయారు.